భూమధ్యరేఖ మీద ఒక పర్యటన

ఈనాటి ప్రసంగంలో మనం దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ రాజధాని క్విటో నగరాన్ని చూసివద్దాం. స్పానిష్ భాషలో ‘ఈక్వడార్’ అంటే భూమధ్యరేఖ అనే అర్థం.

క్విటో ఆండీస్ పర్వతాల నడుమ, సముద్రమట్టానికి దాదాపు 2,850 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉన్నా అక్కడ వాతావరణం చల్లగానే ఉంటుంది. గాలి పలచన కాబట్టి కొత్తవారికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. నీరు సుమారు 90 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. అక్కడి పాత నగరం 1978లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

నగరానికి ఉత్తరాన ‘మితాద్ దెల్ ముందో’, అంటే ‘ప్రపంచపు నడిమి చోటు’, అనే 30 మీటర్ల స్మారక కట్టడం ఉంది. అక్కడి పసుపుపచ్చ గీతకు అటొక కాలు, ఇటొక కాలు వేసి యాత్రికులు ఫోటోలు దిగుతారు. నిజమైన భూమధ్యరేఖ మాత్రం ఆ గీతకు ఉత్తరంగా సుమారు 240 మీటర్ల దూరాన పోతున్నదని ఉపగ్రహ సాధనాలు చూపుతున్నాయి.

ఈ కట్టడం వెనుక ఒక గొప్ప శాస్త్ర చరిత్ర ఉంది. భూమి నడిమి భాగంలో ఉబ్బి ఉంటుందని న్యూటన్ అన్నాడు. కాదు, ధ్రువాలవైపే సాగి ఉంటుందని పారిస్‌లో కొందరు వాదించారు. ఇది తేల్చడానికి బూగే, లా కొందమీన్, గొదాఁ మొదలైన ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1736లో క్విటో ప్రాంతానికి వచ్చి, ఏళ్ల తరబడి కొండల మీద త్రిభుజాలు గీసి ఒక డిగ్రీ అక్షాంశపు పొడవు కొలిచారు. ఉత్తరాన లాప్‌లాండ్‌లో మరో బృందం కొలిచినదానికంటే అది తక్కువగా తేలింది. చదునైన చోట వంపు తక్కువ కనుక డిగ్రీ పొడవు పెరుగుతుంది. ధ్రువాల వద్దే భూమి చదునుగా ఉందన్నమాట! న్యూటన్ మాటే నెగ్గింది.

ఆ పరిసరాల్లో యాత్రికులకు ఒక వింత కూడా చూపిస్తారు. గీతకు ఒకవైపు తొట్టిలో నీరు కుడికి, మరోవైపు ఎడమకు సుడి తిరుగుతుంది. చూసినవారు చప్పట్లు కొడతారు. కాని భూభ్రమణం వల్ల నీటిని పక్కకు మళ్లించే ప్రభావం భూమధ్యరేఖ వద్ద దాదాపు సున్నా. కొద్ది అడుగుల దూరంలో అది మారిపోదు. నీరు ఎటునుంచి పోశారు, ఎలా కదిలించారు అన్నదే ఆ సుడిని నిర్ణయిస్తుంది.

దీన్ని పరీక్షించడానికి క్విటో దాకా వెళ్లనక్కర లేదు. మీ ఇంటి తొట్టి నింపి, ఒకసారి కుడివైపుకు, మరోసారి ఎడమవైపుకు కాస్త కదిపి నీటిని వదలండి. సుడి ఎటు తిరిగిందో ప్రతిసారీ రాసుకోండి.