అన్ని పుస్తకములకు నొక్క సూత్రము
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పెద్దలు కావ్యములను గూర్చి ప్రసంగించిరి. నేను లెక్కలు వ్రాయువాడను. కావున లెక్కపుస్తకములను గూర్చియే నాలుగు మాటలు మనవి చేసెదను.

ప్రత్తిపాడు ప్రాంతమున మిరప తూచిన పిదప రైతు చేతికి వచ్చునది ఒక పట్టీ. టిక్కీల సంఖ్య, తూకము, క్వింటా ధర, హమాలీ, తుదకు నికరము అందుండును. పూర్వము దీనిని చేతితో వ్రాసెడివారము. ఇప్పుడు కంప్యూటరుపై ఎక్సెల్‌లో వ్రాయుచున్నాము. దినదినము చేయు లెక్క క్రమమును ఒక్కమారు వ్రాసియుంచి, పిలిచినప్పుడెల్ల నడచునట్లు చేయు సూత్రమునకు మాక్రో యని పేరు.

అయితే మాక్రో యే పుస్తకమున వ్రాయబడునో, ఆ పుస్తకము తెరచియున్నంతవరకే పనిచేయును. అందుచే కొందరు మిరప పుస్తకమున నొకటి, ప్రత్తి పుస్తకమున నొకటి, ఎరువుల పుస్తకమున నొకటి నకలు పెట్టుదురు. హమాలీ రేటు మారిననాడు రెంటిని దిద్ది మూడవదానిని మరతురు. నష్టము రైతునకు. చదువురానివాడు దానిని కనిపెట్టలేడు. చదివినవాడు యంత్రము తప్పదని నమ్మును.

చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున సంజ్ఞలను మొదటి పరిచ్ఛేదముననే చెప్పెను. సంధికిని, సమాసమునకును అవియే వర్తించును. ఎక్సెల్‌నందును అట్టి సంజ్ఞాపరిచ్ఛేదము కలదు. అదియే పర్సనల్ మాక్రో వర్క్‌బుక్. మాక్రో రికార్డు చేయునప్పుడు ‘స్టోర్ మాక్రో ఇన్’ అనుచోట దీని నెన్నుకొనినచో, అది ఎక్స్‌ఎల్‌స్టార్ట్ అను ఫోల్డరున నిలుచును. ఎక్సెల్ తెరచిన ప్రతిమారును మరుగున తెరచుకొని, పుస్తకము లన్నింటికి నుపకరించును.

ఇక క్రొత్త కూర్పు పెట్టించిననాడు మాక్రోలు పోయినవని కలతపడుట చూచుచున్నాము. 2003 కూర్పువరకు ఆ ఫైలు పేరు పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్, 2007 కూర్పునుండి పర్సనల్.ఎక్స్‌ఎల్‌ఎస్‌బి. పాత ఫైలును వెదకి, నకలు భద్రపరచి, క్రొత్త ఎక్సెల్‌లో తెరువవలెను. వ్యూ లోని అన్‌హైడ్‌తో దానిని వెలికి దెచ్చి, ఎక్సెల్ బైనరీ వర్క్‌బుక్‌గా క్రొత్త పేరుతో ఎక్స్‌ఎల్‌స్టార్ట్‌లో దాచి, మరల హైడ్ చేసి, మూయునప్పుడు మార్పులను సేవ్ చేయవలెను. పాతది ఆ ఫోల్డరున నుండరాదు. ఉన్నచో రెండును తెరచుకొనును.

ఫోల్డరు తెలియనిచో ఆల్ట్, ఎఫ్11 కలిపి నొక్కి, పిమ్మట కంట్రోల్, జి నొక్కి, వచ్చిన గడిలో ప్రశ్నార్థకమును, అప్లికేషన్.స్టార్టప్‌పాత్ అను మాటను ఆంగ్లాక్షరములతో వ్రాసి ఎంటర్ కొట్టిన దారి చూపును. ఫైలున్నను మాక్రోలు కానరానిచో, ఆప్షన్సున యాడ్-ఇన్స్ క్రింద డిసేబుల్డ్ ఐటమ్స్‌లో చిక్కుకొనినదేమో చూడవలెను.

సూత్రము వ్రాయువారికి మరియొక మాట. దిస్‌వర్క్‌బుక్ అనగా మాక్రో యున్న పుస్తకము. యాక్టివ్‌వర్క్‌బుక్ అనగా మన యెదుట నున్న పుస్తకము. ఒక పుస్తకమునకై వ్రాసిన మాక్రోను అందరి పుస్తకమునకు మార్చునప్పుడు ఈ భేదము చూడనిచో, లెక్క మరుగున నున్న పుస్తకములో పడును, లేదా ఆగిపోవును.

అపరిచితులు పంపిన మాక్రోలను నమ్మరాదు. ఇంటర్నెట్టునుండి వచ్చిన ఫైళ్లలోని మాక్రోలను 2022 నుండి మైక్రోసాఫ్టువారే సహజముగా నిలిపివేయుచున్నారు. ఆ అడ్డును తొలగించుటకు ముందు, పంపినవారెవరో తెలిసికొనవలెను.

మన రాష్ట్రమున 1984లో కరణముల పదవులు రద్దయినవి. లెక్క ఒక్కరి గుట్టుగా నుండు కాలము గడచినది. పర్సనల్ అను పేరున్నను ఆ ఫైలులోని సూత్రము రైతు సొమ్మును తేల్చునది. అది ఒక్క యంత్రముననే యుండును గనుక వేరుచోట నకలుంచుడు. సూత్రమును తేట తెలుగున కాగితముపై వ్రాసి అంగడి గోడకు తగిలింపుడు. అప్పుడు పట్టీ పుచ్చుకొన్న రైతు తన లెక్కను తానే సరిచూచుకొనగలడు. ఆ చదువు నేర్పుటకే గదా మన గ్రంథాలయము!

సెలవు.