ముంపు మండలాలు – మన మస్జిద్‌లు, మన ఖబరస్తాన్లు
(భద్రాచలంలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోలవరం అనగానే 960 మెగావాట్ల విద్యుత్తు, 194 టీఎంసీల నీరు అని చెబుతారు. ఆ నీరు నిలిచే చోట ఎవరున్నారన్న ప్రశ్న చివర వస్తుంది, ఒక్కొక్కప్పుడు రానే రాదు. 2014లో రాష్ట్ర విభజన వేళ కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం మండలాలను, బూర్గంపాడు, భద్రాచలం మండలాల గ్రామాలను ఖమ్మం జిల్లా నుండి వేరుచేసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. భద్రాచలం పట్టణం మాత్రం తెలంగాణలో మిగిలింది.

మునిగేవారిలో అత్యధికులు కోయలు, కొండరెడ్లు. వారి దుఃఖం కంటే మన దుఃఖం పెద్దదని చెప్పుకోవడం న్యాయం కాదు. 1/70 చట్టం గిరిజనుల భూమికి రక్ష. పరిహారం ఆశతో దానిని సడలించమని మనవారెవరైనా అడిగితే నేను వారి పక్షాన నిలబడను.

అయితే కుట్టుమిషను మీద, సైకిలు దుకాణం మీద, కౌలు మడి మీద బతికే మన కుటుంబాల మాటేమిటి? "భూమి లేదు కనుక పరిహారం లేదు" అని గుమాస్తా అంటే, అదే చట్టమనుకొని తిరిగి వచ్చేవారున్నారు. 2013 భూసేకరణ చట్టం అలా చెప్పదు. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ, ప్రధాన జీవనాధారం కోల్పోయే కౌలుదారు, కూలీ, చేతివృత్తిదారు ప్రభావిత కుటుంబమే. వృత్తిదారుకు, చిరువ్యాపారికి 25 వేల రూపాయలకు తగ్గని ఆర్థిక సాయం చట్టంలోనే ఉన్నది. వితంతువు, విడాకులు పొందిన స్త్రీ, భర్త విడిచిపెట్టిన స్త్రీ వేర్వేరు కుటుంబాలుగా లెక్కకు రావాలి. మన ఇళ్లలో ఇది తెలిసిన అక్కాచెల్లెళ్లు ఎందరు?

ఇక ఖబరస్తాన్. అదే చట్టం మూడో షెడ్యూలు ప్రకారం, పునరావాస కాలనీలో అక్కడి సముదాయాల ఆచారాన్ని బట్టి ఖనన స్థలమో దహన స్థలమో ఉండాలి, ప్రార్థనాస్థలాలు కూడా. కాని ఒక ఊరిలోని పది ముస్లిం కుటుంబాలను ఐదు కాలనీలకు పంచితే, రెండిళ్ల కోసం ఖబరస్తాన్ ఎవరు కేటాయిస్తారు? జనాజాను భుజానికెత్తుకోవడానికి నలుగురు మనుషులైనా ఎక్కడ దొరుకుతారు? అందుకే డబ్బు కంటే ముందు, ఒక ఊరివారిని ఒకే కాలనీలో ఉంచమని అడగాలి.

వక్ఫ్ ఆస్తిని సేకరించేటప్పుడు కలెక్టరు వక్ఫ్ బోర్డుకు తెలియజేయాలి. రికార్డులోనే లేని ఖబరస్తాన్ గురించి ఎవరికి తెలియజేస్తారు? మండలాలు రాష్ట్రం మారాయి. వాటి వక్ఫ్ కాగితాలు వెంట వెళ్లాయో లేదో అడిగి తెలుసుకోవాలి.

వ్యవధి ఉందనుకోకండి. ప్రభుత్వం 41.15 మీటర్ల వరకు తొలి దశ, 45.72 వరకు మలి దశ అని గీతలు గీసింది. 2022 జులైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది; 1986లోని 75.6 అడుగుల తరువాత అంత నీరు చూడలేదు. శబరి కలిసే కూనవరం వద్ద ఆ వరద దశలను చూసి ఆగలేదు. మలి దశ జాబితాలోని ఊళ్లూ నీటిలోనే ఉన్నాయి.

కనుక ప్రతి ఊరిలో సర్వే నంబరు, ఫోటో, పెద్దల వాఙ్మూలం, దుకాణం రసీదులు, పాత కరెంటు బిల్లులు ఒక ఫైలులో చేర్చాలి. కోయ సోదరుల గ్రామసభకు వెళ్లి వారి తీర్మానంలోనే మన ఖబరస్తాన్ మాటను కూడా చేర్చమని కోరాలి. కూనవరం, వేలేరుపాడు వైపు రాగలిగినవారు అసర్ నమాజు తరువాత పేర్లు ఇవ్వండి.