అప్పు తీర్చుకునే దారికి రుసుము కట్టనక్కరలేదు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల సమావేశంలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సమావేశాల్లో మేము సాధారణంగా వెన్నశాతం గురించీ, దాణా గురించీ, గాలికుంటు టీకాల గురించీ మాట్లాడుతూ ఉంటాము. ఈరోజు మరొక సంగతి మనవి చేయదలచాము. అది అప్పుల సంగతి. గేదెను కొనడానికి ఒక అప్పు, అది వట్టిపోయిన నెలల్లో ఇల్లు గడవడానికి చేబదులు, పిల్ల పెళ్ళికి ఇంకొకటి. అప్పు లేని పాడిరైతు అరుదు. అప్పు చేయడం తప్పని చెప్పడానికి మేము రాలేదు. గేదెలకు రుణాలిప్పించి, పాలబిల్లులోంచి వాయిదా కోసి బ్యాంకుకు కట్టే ఏర్పాటు చేసినవాళ్ళలో మేమూ ఉన్నాము. మేము చెప్పవచ్చింది అప్పు తీర్చలేని పరిస్థితి వచ్చినప్పుడు ఎవరి గడప తొక్కాలన్నది.

మా పరిధిలోని ఒక సంఘంలో ఒక సభ్యురాలు ఉన్నది. రెండు గేదెలు, రోజుకు ఆరు లీటర్లు పోసేది. బ్యాంకు బాకీ, మైక్రో ఫైనాన్సు బాకీ కలిపి 1,80,000 రూపాయలు. ఒక గేదెకు పొదుగువాపు వచ్చి రెండు చన్నులు చెడిపోయాయి. పాలు సగమైనాయి, వాయిదాలు తప్పాయి. ఆ రోజుల్లోనే పాలకేంద్రం గోడమీద ఒక కరపత్రం ఆమె కంటబడింది. మీ అప్పు సగానికి తగ్గిస్తాము, ఫోను చేయండి అని దాని సారాంశం. చేసింది. పట్నం నుంచి ఒక కుర్రవాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. పేరు నమోదుకు 6,000 రూపాయలు, ఆపైన నెలకు 2,500 రూపాయలు తీసుకుంటామన్నాడు. బ్యాంకుకు ఇక వాయిదా కట్టవద్దు, వాళ్ళు ఫోను చేస్తే ఎత్తవద్దు, అంతా మేము మాట్లాడుకుంటాము అన్నాడు.

పది నెలలు కట్టింది. మొత్తం 31,000 రూపాయలు. లీటరుకు 45 రూపాయల చొప్పున చూసుకున్నా దాదాపు 690 లీటర్ల పాలు. రోజుకు ఆరు లీటర్లు పోసే ఇంట 115 రోజుల కష్టం. ఆ పది నెలల్లో ఆ కంపెనీవారు బ్యాంకుకు ఒక్క ఉత్తరం రాసిన దాఖలా లేదు. బాకీ మీద వడ్డీ పెరిగింది, జరిమానా పడింది, వకీలు నోటీసు వచ్చింది. కుర్రవాడి ఫోను పలకడం మానేసింది.

అప్పుడు ఆమె మా దగ్గరకు వచ్చింది. "మరి మమ్మల్ని ముందే ఎందుకు అడగలేదమ్మా?" అన్నాము. "కాగితం మీ గోడమీదే ఉన్నది కదయ్యా, మీరే అంటించారనుకున్నాను" అన్నది. మాకు జవాబు లేకపోయింది. కార్యదర్శిగారిని అడిగితే ఎవరో వచ్చి అంటించి పోయారన్నారు. అయి ఉండవచ్చు. కాని చింపేయవలసిన బాధ్యత మనది.

ఇటువంటి కంపెనీల పద్ధతి ఇంచుమించు ఒక్కటే. ముందు రుసుము, తరువాత నెలసరి, చివరకు తగ్గిన సొమ్ములో ఇంత శాతం. అప్పులవాళ్ళతో మాట్లాడవద్దని చెప్పి, వాయిదాలు ఆపించి, బాకీ బాగా ముదిరిన తరువాత బ్యాంకే దిగివస్తుందంటారు. దిగి రావచ్చు, దావా వేయనూవచ్చు. ఏది జరిగినా రుసుము మాత్రం వాళ్ళకు ముట్టిపోయింది. అయినా వాళ్ళు చేస్తామనే పని, అనగా బాకీని రాజీకి తెచ్చుకోవడం, మనిషి తనంతట తాను బ్యాంకుకు వెళ్ళి అడగదగిన పనే. 2023 జూన్‌లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం రాజీ పరిష్కారాలకు ప్రతి బ్యాంకూ తన పాలకవర్గం ఆమోదించిన విధానం పెట్టుకోవాలి. మధ్యవర్తి ఉండాలని అందులో లేదు. గేదె చచ్చిపోయిందా, జబ్బు పడిందా, పశువైద్యుని కాగితం, మన సంఘం పాలబిల్లులు పట్టుకుని వాయిదా తప్పక ముందే మేనేజరును కలవండి. తప్పిన తరువాత వెళ్ళే మనిషికీ, ముందే వెళ్ళే మనిషికీ దొరికే మర్యాద వేరు.

బ్యాంకు వినకపోతే న్యాయ సేవాధికార సంస్థ ఉన్నది. 1987 నాటి చట్టం కింద జిల్లాకొకటి, దిగువ కోర్టులున్నచోట దాని శాఖలు, కోర్టు ఆవరణలోనే ఉంటాయి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. తక్కినవారికి ఆదాయ పరిమితి ఉన్నది. ఇక లోక్ అదాలత్‌కు ఎవరూ రుసుము కట్టనక్కరలేదు. దావా పడకముందే బాకీ తగాదాను అక్కడ పెట్టుకోవచ్చు. పడిన దావా అక్కడ రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇస్తారు. అక్కడి తీర్పు కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. అందుచేత వేలిముద్ర వేసేముందు ప్రతి మాటా చదివించుకుని వినండి. 15100 నంబరుకు ఫోను చేస్తే దారి చెబుతారు.

బ్యాంకువారో, రిజర్వు బ్యాంకు కింద నడిచే ఫైనాన్సు సంస్థవారో అన్యాయం చేశారనుకుంటే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. దానికీ పైసా ఖర్చు లేదు. ఉత్తరం చండీగఢ్ పోవాలి, అయితే తెలుగులో రాసినా తీసుకుంటారు. ఫోను నంబరు 14448. వసూలు మనుషులు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. మన ఆడవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు, అందుకని ప్రత్యేకించి చెబుతున్నాము. ఫోనులోని లోను యాప్‌ల బెదిరింపులైతే 1930కి ఫోను చేసి చెప్పండి.

ఊళ్ళో "ఐ.పి. పెట్టిస్తాము" అని తిరిగే పెద్దమనుషులు కూడా కొందరున్నారు. ఆ చట్టం 1920 నాటిది, నిజమే. కాని ఆ పిటిషను వేస్తే ఆస్తి కోర్టు చేతికి పోతుందని ఆ పెద్దమనుషులు చెప్పరు. దాని గురించి కూడా ఉచిత న్యాయవాదినే అడగండి.

ఉచితమంటే మంత్రం కాదని కూడా మేము దాచకుండా చెప్పాలి. లోక్ అదాలత్‌లో రెండు పక్షాలూ ఒప్పుకుంటేనే రాజీ. ఒక రోజు పాలు పోసి, కూలి మానుకుని వెళితే అవతలివారు రాక వాయిదా పడిన సందర్భాలు మాకు తెలుసు. కొంత తగ్గించి ముగించుకున్న బాకీ రుణ చరిత్రలో రాజీపడినట్టుగా నమోదవుతుంది, రేపు మరో గేదెకు అప్పు అడిగినప్పుడు బ్యాంకు దాన్ని చూస్తుంది. కట్టగలిగిన వాళ్ళు వాయిదాలు పొడిగించుకుని పూర్తిగా కట్టడమే మేలని మా అభిప్రాయం.

ఆ సభ్యురాలి విషయం. మా పర్యవేక్షకుడు ఆమెను వెంటబెట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తీసుకువెళ్ళాడు. న్యాయవాదిని ఇచ్చారు. రెండుసార్లు తిరిగారు. మూడోసారి లోక్ అదాలత్‌లో బ్యాంకువారు జరిమానా వడ్డీ వదులుకుని, అసలును పాలబిల్లులోంచి నెలకు కొంత చొప్పున తీసుకోవడానికి ఒప్పుకున్నారు. మైక్రో ఫైనాన్సువారితో ఇంకా మాట్లాడుతున్నారు. కంపెనీకి కట్టిన 31,000 తిరిగి రాలేదు. ఆ సొమ్ముతో చెడిన గేదెను మార్చి మరొకటి కొనేదాన్నని ఆమె అంటే మేము తల వంచుకుని విన్నాము.

ఇక సంఘాలు చేయవలసిన పని. వెన్నశాతం ధరల పట్టిక పక్కనే 15100, 14448, 1930 నంబర్లు పెద్ద అక్షరాలతో రాయించండి. పాలకేంద్రం గోడమీద పాలకవర్గం అనుమతి లేని కాగితం ఏదీ ఉండరాదని వచ్చే సమావేశంలో తీర్మానం చేసి ఒక నకలు మాకు పంపండి. వాయిదా తప్పబోయే సభ్యులు పాసుపుస్తకం, నోటీసులు, ఆరు నెలల పాలబిల్లులు ఒక సంచిలో పెట్టుకుని కార్యదర్శిగారికి చెప్పండి. కంపెనీకి ఏదైనా కట్టి ఉంటే ఆ రసీదులు కూడా తీసుకురండి, సిగ్గుపడవద్దు. మా పర్యవేక్షకుడు పాల సేకరణ ముగిశాక వచ్చి మీతో కోర్టు దాకా వస్తాడు. బస్సు చార్జీ తప్ప మరేమీ అక్కరలేదు.