మోకాలు నొప్పికి సూది ఒక్కటే మందు కాదు

(దుత్తలూరులో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు కింద కూర్చోలేక కుర్చీ అడిగినవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో నేనూ ఒకడిని. గిట్టుబాటు ధర గురించి, కరువు గురించి మాట్లాడుకుంటాం కానీ మోకాళ్ల గురించి మాట్లాడుకోం. మోకాలు పోతే సేద్యం పోయినట్టే కదా!

మూడేళ్ల కిందట నా కుడి మోకాలు పట్టేసింది. సూది వేయించుకుంటే పది రోజులు హాయిగా ఉండేది. మళ్లీ నొప్పి, మళ్లీ సూది. మధ్యలో రోజూ నొప్పి బిళ్లలు. కడుపులో మంట, కాళ్ల వాపు వచ్చాక పెద్ద డాక్టరు దగ్గరికి పోయాను. "ముందు ఆ బిళ్లలు ఆపండి, కిడ్నీలు దెబ్బతింటాయి" అన్నాడాయన.

గుజ్జు అరిగిందని మనం అనే జబ్బు పేరు ఆస్టియో ఆర్థరైటిస్. వయసు 45 దాటి, పని చేస్తే నొప్పి పెరిగి, కూర్చుంటే తగ్గి, పొద్దున బిగుసుకున్న కీలు అరగంటలోపు వదులైతే చాలావరకు అదే. అన్నిసార్లూ ఎక్స్‌రే అవసరం లేదు. అయితే చేతివేళ్ల కణుపులు వాచి, బిగువు గంట దాటినా వదలకపోతే అది వేరే వాతం, దాని మందులు వేరు. కీలు ఎర్రగా వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి పోవాలి.

మన మెట్టలో ఇంకొకటి కూడా చూసుకోవాలి. బోరు నీళ్లలో ఫ్లోరైడ్. మన దేశంలో మనుషుల్లో ఫ్లోరోసిస్‌ను డాక్టర్లు 1937లో వివరంగా రాసింది అప్పటి నెల్లూరు జిల్లాను చూసే. అంతకుముందే ఎద్దులు కీళ్లు బిగిసి నడవలేకపోవడం రైతులు గమనించారు. మెడ, నడుము బిగుసుకుపోయి వంగలేకపోతే ఈ అనుమానం పెట్టుకోండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగరాదు. కాచినా ఫ్లోరైడ్ పోదు.

అరిగిన గుజ్జును తిరిగి పెంచే మందు లేదు. అట్లా చెప్పి అమ్మేవాళ్లకు డబ్బులు పోయకండి. కుర్చీలో కూర్చుని కాలు చాపి, అయిదు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి పదిసార్లు, రెండు పూటలా చేయండి. తొడ కండ బలపడితే మోకాలి మీద భారం తగ్గుతుంది. బరువు ఎక్కువుంటే తగ్గాలి. కర్ర నొప్పి లేని వైపు చేతిలో పట్టుకోవాలి. గొంతుక్కూర్చుని కలుపు తీసే అక్కలు చిన్న పీట వేసుకోండి, మధ్యమధ్యలో లేచి నడవండి. పైపూత మందు ముందు వాడి చూడండి, బిళ్లలు డాక్టరు చెప్పినన్ని రోజులే. ఇవేవీ పనిచేయక నడక సాగనప్పుడే ఆపరేషన్ మాట.

ఇదంతా మనం చేసుకోవలసింది. ప్రభుత్వం చేయవలసింది కూడా ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారానికి ఒక్కరోజైనా వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు రావాలి. ప్రతి ఊరి తాగునీటి బోరుకూ ఫ్లోరైడ్ పరీక్ష చేసి, ఫలితం పంచాయతీ గోడ మీద రాయాలి. ఈ రెండూ రాసి అర్జీ ఇద్దాం, అందరూ సంతకాలు పెట్టండి.

ఎద్దు కుంటితే ఆ పూట కాడి దించుతాం. మన కాళ్లకు కూడా ఆ మాత్రం దయ చూపుదాం.