మృగశిర వానకు ఏం నాటుదాం?



రోహిణి ఎండలు అయిపోవస్తున్నాయి. మృగశిర చినుకు పడగానే పెరట్లో గింజలు పెడతాం. కానీ దేని పక్కన ఏది పెట్టాలి?

పోయిన ఏడు నేను సొరపాదు పక్కనే వంగ నాటాను. తీగ పాకి వంగను కప్పేసింది. ఒక్క కాయ దక్కలేదు. టీచరమ్మకు ఇది కూడా తెలీదా అని మా అమ్మ నవ్వింది!

అందుకే బీరకు, సొరకు పందిరి వేయండి. పందిరి నీడలో పసుపు, చేమ పెరుగుతాయి. వంగకు, టమాటాకు ఎండ కావాలి. వాటిని దూరంగా నాటండి. మధ్యమధ్య బంతి పెట్టండి. వేర్లకు బుడిపెలు తెచ్చే పురుగులు కంటికి కనిపించవు. బంతి వేర్లు వాటిని తగ్గిస్తాయి. దసరాకు పూలూ వస్తాయి.

బీర కాపుకు సుమారు రెండు నెలలు పడుతుంది. అందాకా? ఖాళీ జాగాలో తోటకూర చల్లండి. నెలకల్లా కోయొచ్చు. సంతలో కూర కొనలేని వారం ఆ ఆకే పిల్లల కంచంలోకి వస్తుంది.

మీ దగ్గర ఏ గింజలున్నాయో రేపు పలక మీద రాసుకు రండి. పంచుకుందాం.