గుండెకు కాల్షియము: మేలును, కీడును
(సంఘమందిరమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము; మా చదువు మెట్రిక్యులేషనుతో ఆగినది. వైద్యశాస్త్రము ముచ్చటింప మాకేమి అర్హత యని మీరడుగవచ్చును. గత మాసమున మన వీధి పెద్దలొకరు అర్ధరాత్రి ఛాతీ నొప్పి రాగా, వాయువనుకొని సోడా త్రాగి తెల్లవారువరకు కూర్చుండిరి. వారు బ్రదికిరి గాని, గుండెలో కొంత భాగము చచ్చినది. అట్లేల జరిగెనో తెలియగోరి చదివినదియే నేడు మనవి చేయుచున్నాము.

గుండె కణములో సుమారు మూడవ వంతు మైటోకాండ్రియాలే. ఇవి ప్రాణవాయువు సాయమున ఏ.టి.పి. యను శక్తిపదార్థమును చేయుచుండును. దానిని 1929లో కనుగొన్నవారిలో భీమవరమున జన్మించిన మన యెల్లాప్రగడ సుబ్బారావుగారొకరు. హార్వర్డులో ఫిస్కేగారితో కలసి కనుగొనిరి. జర్మనీలో లోమన్ గారును ఆ యేటనే వేరుగా కనుగొనిరి. గుండెలో దీని నిలువ కొన్ని క్షణములకే చాలును. ఏ పూట సరకు ఆ పూట తెచ్చుకొను చిల్లర దుకాణమన్నమాట!

ఇక కాల్షియము. లండనులో సిడ్నీ రింగరుగారి ప్రయోగశాలలో కప్ప గుండె కొళాయినీటి ద్రావణమున చక్కగా కొట్టుకొనెను. శుద్ధజలముతో చేసినదానిలో నిలిచిపోయెను. కొళాయినీటిలోని కాల్షియమే కారణమని ఆయన 1883లో ప్రకటించెను. ప్రతి స్పందనకును అది కావలెను. కొంత మైటోకాండ్రియాలలో ప్రవేశించి, పని హెచ్చింపుమని హెచ్చరించును.

రక్తనాళము మూసికొన్నచో ఏ.టి.పి. తరుగును, కాల్షియమును వెలికి నెట్టు యంత్రాంగము కుంటుపడి, అది కణములో పేరుకొనును. పిమ్మట రక్తము తిరిగి వచ్చినప్పుడు ప్రాణవాయువునుండియే తీక్ష్ణమైన రూపములు పుట్టును. ఈ రెండును కలిసి మైటోకాండ్రియా లోపొరయందొక ద్వారమును తెరచును. హంటరు, హావర్తుగార్లు 1979లో దీనిని వర్ణించిరి. అది తెరచియున్నచో ఏ.టి.పి. చేయవలసిన యంత్రమే ఉన్నదానిని ఖర్చుపెట్టును. ఆర్జించు కొడుకే ఆస్తి తెగనమ్మినట్లు. కణము చచ్చును.

అట్లయిన రక్తము రానీయకుండుటయే మేలా? కాదు! రాకున్న ఆ భాగమంతయు పోవును. ఎంత శీఘ్రముగా వచ్చిన నష్టమంత స్వల్పము. ఆ ద్వారమును మూయు సైక్లోస్పోరిను మందు జంతువులలో ఆశ గొల్పినను, 2015లో ప్రకటితమైన పెద్ద పరీక్షలో రోగులకు మేలు కానరాలేదు. విటమిను ఇ మాత్రలు గుండెపోటును ఆపవని 2000లోనే తేలినది. మా యంగడిలో అడుగువారికి మేమిదే చెప్పుచున్నాము. బేరము పోయిన పోనిండు.

ఎముకలకై వైద్యులిచ్చిన కాల్షియము మాత్రలను ఈ మాట విని మానవలదు. కణములో పేరుకొనునది మాత్రవలన కాదు. సందేహమున్న వైద్యునే అడుగుడు.

రాత్రివేళ కారు పంపుటకు మన సభ్యులిద్దరు ఒప్పుకొనియున్నారు. వారి నంబర్లును, 108యు మందిరము గోడపై వ్రాయించినాము. ఇంటికి పోవునప్పుడు వ్రాసికొని పొండు.