ముందు రద్దయ్యే బండి

(కొత్తపట్నంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్తపట్నంలో రైళ్ల గురించి మాట్లాడమంటే మొదట నాకే తటపటాయింపుగా అనిపించింది. ఈ ఊరికి రైలు లేదు. రైలెక్కాలంటే ఆటోలోనో బస్సులోనో ఒంగోలు పోవాలి. ఒకప్పుడు ఈ తీరం పొడుగునా సరుకులూ మనుషులూ బకింగ్‌హాం కాలవలో పడవల మీద పోయేవాళ్లు. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలుదారి కలిశాక ఆ రాకపోకలు క్రమంగా రైలుకు మళ్లాయి. కనక రైలు లేని ఊరు కూడా రైలు చరిత్రలో భాగమే. పైగా ఇది ప్రభుత్వాన్ని ప్రశ్నించడం కొత్తగా నేర్చుకోవలసిన ఊరు కాదు. 1937లో ఇక్కడ రాజకీయ పాఠశాల పెడితే ప్రభుత్వం నిషేధించిన సంగతి మీలో చాలామందికి తెలుసు.

నేను చెప్పదలుచుకున్నది వానకూ రైలుకూ ఆడవాళ్లకూ మధ్య సంబంధం గురించి. పరిశోధన చేస్తున్న రోజుల్లో ఒక నవంబరు రాత్రి ఈ లైనులోనే ఒక చిన్న స్టేషన్లో చిక్కుకుపోయాను. స్టేషను పేరు అనవసరం. పొద్దుటినుంచీ వాన. పత్తి తీతలకు వచ్చి ఇళ్లకు పోతున్న కూలి ఆడవాళ్లు పాతికమంది దాకా ఉన్నారు. మూటలు, చంటిపిల్లలు, తడిసిన చీరలు. మేమంతా ఎక్కాల్సింది సాయంత్రం ప్యాసింజరు. అది రద్దయిందని ఎవరూ చెప్పలేదు. నేను వెళ్లి అడిగితే చెప్పారు. ఆడవాళ్ల వెయిటింగు రూముకి తాళం. తాళంచెవి ఉన్న మనిషి డ్యూటీ దిగిపోయాడట. ఇద్దరిద్దరు చొప్పున గూడ్సు షెడ్డు వెనక్కి వెళ్లి, ఒకరు చీర కొంగు అడ్డం పట్టుకుంటే ఇంకొకరు కూర్చున్నారు. ఫిర్యాదు చేద్దామని నేనంటే ఒక పెద్దావిడ నవ్వి, "ఎవురికి చెప్పుకుంటామమ్మా, వానకా?" అంది.

ఆ రాత్రి నా నోటుబుక్కులో 'వర్షం వల్ల రైలు రద్దు' అని రాసుకున్నాను. ఆ వాక్యం తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఎందుకంటే అర్ధరాత్రి దాటాక అదే పట్టాల మీద, అదే వానలో రెండు ఎక్స్‌ప్రెస్‌లు మెల్లగా మా ముందు నుంచే పోయాయి. వాన ఆపింది కొన్ని బండ్లనే. మిగిలిన వాటిలో ఏది నడపాలి, ఏది మానాలి అని మనుషులు కూర్చుని నిర్ణయించారు.

ఈ లైనుకి వాన ప్రమాదం నిజమైనదే, దాన్ని తక్కువ చేయను. పడమటి మెట్టలో పడ్డ నీళ్లన్నీ గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు, ఇంకా ఎన్నో వాగులుగా తూర్పుకి వస్తాయి. రైలుకట్ట వాటికి అడ్డంగా ఉత్తర దక్షిణాలుగా ఉంటుంది. వంతెనలూ తూములూ పట్టనంత నీరొస్తే కట్టకు పడమటి పక్క చెరువైపోతుంది, పట్టాల కింద కంకర కొట్టుకుపోతుంది. 2021 నవంబరులో పెన్నా వరదకి నెల్లూరు దగ్గర పడుగుపాడు వద్ద పట్టాలు దెబ్బతిన్నాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు, 2025 అక్టోబరులో మొంథా వచ్చినప్పుడు బండ్లు పెద్ద సంఖ్యలో రద్దయ్యాయి. 2024 సెప్టెంబరు మొదట్లో మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య కట్ట కొట్టుకుపోతే ఇక్కడి జనానికి హైదరాబాదు దారి మూసుకుపోయింది. అలాంటప్పుడు బండి ఆపడం ప్రాణాలు కాపాడటమే. వానాకాలం రాత్రుళ్లు లాంతరు పట్టుకుని పట్టాల వెంట నడిచి కట్ట చూసే కార్మికుల పని గురించి మన ఉద్యమాలు ఇంకా మాట్లాడలేదు. ఆ పనిలో ఇప్పుడు ఆడవాళ్లు కూడా ఉన్నారు.

ఆపకపోతే ఏమవుతుందో ఈ ప్రాంతానికి బాగా తెలుసు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున వలిగొండ దగ్గర చెరువు తెగి చిన్న వంతెన కొట్టుకుపోయింది. దాని మీదికి వచ్చిన బండి రేపల్లె, సికింద్రాబాదుల మధ్య నడిచే డెల్టా ప్యాసింజరు. కనీసం 114 మంది చనిపోయారు. డెల్టా ప్యాసింజరు ఎవరి బండి? రేపల్లె, తెనాలి, గుంటూరు పల్లెల నుంచి పట్నానికి పనికి పోయేవాళ్లది. జనరల్ బోగీలో పోయే మనిషి పేరు ఏ చార్టులోనూ ఉండదు. చనిపోతే గుర్తుపట్టాల్సింది బంధువులే, తనవాళ్లు ఆ బండిలో ఉన్నారని రుజువు చేయాల్సిందీ వాళ్లే. రైల్వే ప్రమాదంలో చనిపోతే ఇచ్చే పరిహారం అప్పట్లో 4 లక్షలు, 2017 జనవరి నుంచి 8 లక్షలు. టిక్కెట్టు దొరకనంత మాత్రాన ఆ మనిషి ప్రయాణికుడు కాదని తోసెయ్యకూడదని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అఫిడవిట్టు దాఖలు చేస్తే, కాదని చూపే బాధ్యత రైల్వే మీద పడుతుంది. ఈ ఒక్క సంగతి మీ మండలాల్లో అందరికీ చెప్పండి.

ఈ 'పేరు లేకపోవడం' దగ్గరే కాసేపు ఆగుతాను. రిజర్వేషను ఉన్నవాళ్లకి బండి రద్దయితే ఫోనుకి సందేశం వస్తుంది, డబ్బు వాపసు వస్తుంది. వాళ్లెంతమందో లెక్క ఉంటుంది కాబట్టి పత్రికల్లో కూడా వస్తుంది. ప్యాసింజరులో పది, ఇరవై రూపాయల టిక్కెట్టుతో పోయే ఆమెకి సందేశం పంపడానికి ఆమె నంబరు ఎవరి దగ్గరా లేదు. వరదల వల్ల బండి రద్దయితే పూర్తి చార్జీ తిరిగివ్వాలనే నిబంధన ఆమెకీ వర్తిస్తుంది. కానీ ఇరవై రూపాయల కోసం ఆ కిటికీ ముందు ఎవరు నిలబడతారు? ఆమె పోగొట్టుకున్నది ఆ రోజు కూలి. ఒక్కోసారి మేస్త్రి దగ్గర ముఠాలో చోటు కూడా. ఆ నష్టం ఏ రిజిస్టరులోనూ పడదు. అధికారులు చెప్పే కారణం నేను విన్నాను. నీళ్లు తీశాక ఒక్క లైను మీదే నెమ్మదిగా బండ్లు నడపాలి, మధ్యలో చిక్కుకున్న దూరప్రయాణికుల్ని ముందు చేర్చాలి, దగ్గరివాళ్లు బస్సులో పోవచ్చు అంటారు. ఒక రోజుకి ఇది సబబే. కానీ మూడు రోజులు, వారం దాటాక కూడా వరస అదే ఉంటుంది. వాన లేనప్పుడు మూడో లైను పనుల పేరుతో కూడా అదే వరస.

కరోనా రోజుల్లో ఈ వరస ఇంకా స్పష్టంగా కనపడింది. 2020 మార్చిలో బండ్లన్నీ ఆగాయి. తర్వాత ఎక్స్‌ప్రెస్‌లు 'స్పెషల్' పేరుతో ముందు వచ్చాయి. ప్యాసింజర్లు చాలా ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక వాటికీ ఎక్స్‌ప్రెస్ చార్జీ పెట్టారు. కనీస టిక్కెట్టు 10 రూపాయల నుంచి 30 అయింది. బండి అదే, వేగం అదే, ఆగే ఊళ్లే కొన్ని తగ్గాయి. పాత చార్జీ మళ్లీ వచ్చింది 2024 ఫిబ్రవరిలో. అంటే దాదాపు మూడేళ్లు కూలి ఆడవాళ్లు, కూరగాయలు, చేపలు అమ్ముకునేవాళ్లు మూడింతలు కట్టారు. వృద్ధులకిచ్చే రాయితీ కూడా 2020 మార్చిలోనే తీసేశారు. అందులో మగవాళ్లకి 60 ఏళ్లు నిండితే 40 శాతం, ఆడవాళ్లకి 58 నిండితే 50 శాతం తగ్గింపు ఉండేది. ఆడవాళ్ల చేతిలో డబ్బు తక్కువని రైల్వే కూడా ఒకప్పుడు ఒప్పుకుందన్నమాట!

ఇంకొకటి 'ఇజ్జత్' పాసు. అసంఘటిత కార్మికుల కోసం 2009లో పెట్టారు. అప్పట్లో 25 రూపాయలకి నెలంతా 100 కిలోమీటర్ల లోపు తిరగొచ్చన్నారు. చాలా మంచి ఆలోచన. కానీ నెల ఆదాయం 1500 రూపాయలు మించకూడదన్నారు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307. నెలలో అయిదు రోజులు పని దొరికితే ఆమె ఆ పాసుకి అనర్హురాలు! ఇజ్జత్ అంటే గౌరవం. ఆ గౌరవానికి ఆదాయ ధ్రువపత్రం కావాలి, దాని కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి, తిరిగిన రోజులన్నీ కూలి పోవాలి.

ఈ మధ్య కొందరు నన్ను అడుగుతున్నారు, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం కదా, ఇంకా ప్యాసింజరు గొడవ ఎందుకని. స్త్రీశక్తి పథకాన్ని నేను స్వాగతిస్తాను. తెలంగాణలో, కర్ణాటకలో చూశాం, ఆడవాళ్లు ఎక్కడికి పోవాలన్నా మగవాళ్ల జేబు వైపు చూడాల్సిన అవసరం కొంత తగ్గింది. అయితే చేపల గంప బస్సులో ఎక్కించుకుంటారా? తెల్లవారకముందు అమ్మనబ్రోలు నుంచో, చినగంజాం నుంచో నేరుగా బస్సుందా? రైలుకట్ట మునిగిన రోజున రోడ్డు మాత్రం తేలి ఉంటుందా? బస్సూ లేక రైలూ లేకపోతే మిగిలేవి ట్రాక్టరు, సరుకు ఆటో. 2020 మే 14న నాగులుప్పలపాడు మండలంలో మిరపకాయల కోత ముగించుకుని ట్రాక్టరులో ఇళ్లకు పోతున్న కూలీలు కరెంటు స్తంభానికి గుద్దుకుని తొమ్మిది మంది చనిపోయారు. అది రైల్లో పోయే దూరం కాదు, నాకు తెలుసు. పొలం పనికి పోయే ఆడవాళ్ల ప్రయాణాన్ని ఏ శాఖా తన బాధ్యత అనుకోదని చెప్పడానికే గుర్తు చేశాను.

ఇప్పుడు ఉద్యమాల సంగతి. రైలు కోసం పోరాడటం మన జిల్లాకి కొత్తకాదు. పశ్చిమ ప్రకాశం మీదుగా నడికుడి, శ్రీకాళహస్తి లైను కోసం దశాబ్దాలపాటు అడిగారు. 2011-12లో మంజూరైంది, 309 కిలోమీటర్ల దారి. దర్శి, కనిగిరి, పామూరు మీదుగా పోవాలి. ఆ పోరాటం న్యాయమైనది. కానీ ఇలాంటి వినతిపత్రాలు కొన్ని చదివాక నాకు ఒక సంగతి తోచింది. వాటిలో అడిగేవి సూపర్‌ఫాస్టుకి హాల్టు, తిరుపతికి బండి, స్టేషనుకి లిఫ్టు. 2023 ఏప్రిల్‌లో వందేభారత్‌కి ఒంగోల్లో హాల్టు ఇచ్చారు. సంతోషమే. సంతకాలు చేసేది వ్యాపార సంఘం, ఉద్యోగుల సంఘం, రిటైరైన పెద్దలు. ప్యాసింజరు సాయంత్రం ఏడింటికి కాక ఆరింటికి ఉంటే ఆడవాళ్లు పొద్దుండగానే ఇల్లు చేరతారన్న మాట నేను చదివిన వాటిలో ఎక్కడా లేదు. పాత మెము బోగీల్లో చాలావాటికి మరుగుదొడ్డి ఉండేది కాదు. వానలో అలాంటి బండి రెండు స్టేషన్ల మధ్య మూడు గంటలు ఆగితే ఏమవుతుందో మగవాళ్లకి తోచదు. తోచకపోవడం వాళ్ల దుర్మార్గం కాదు, ఆ బండిలో వాళ్లు అలా ఎప్పుడూ కూర్చోలేదు. మనం రాయకపోవడం మాత్రం మన లోపమే.

బయటి నుంచి ఒక్క ఉదాహరణ చెబుతాను. ఇంగ్లండు నైరుతి మూలన డాలిష్ అనే ఊళ్లో రైలు సముద్రపు గోడ అంచునే పోతుంది. 2014 ఫిబ్రవరి తుఫానులో ఆ గోడ కూలి రెండు నెలలు బండ్లు ఆగాయి. ఆ పక్కనే లోపలి ప్రాంతంలో ఓక్‌హాంప్టన్‌కి 1972లో ఎత్తేసిన రోజువారీ సర్వీసు కోసం స్థానికులు ఏళ్ల తరబడి పట్టుబట్టారు. 2021 నవంబరులో అది మళ్లీ మొదలైంది. డబ్బున్న దేశం, మనకి పోలికా అనొచ్చు. నేను గమనించింది వాళ్ల పట్టుదల తీరు. ఎత్తేసిన సర్వీసుని వాళ్లు చరిత్రలో కలిసిపోయిందనుకోలేదు, తమకి రావలసిన బాకీ అనుకున్నారు.

చట్టం గురించి రెండు మాటలు. 1989 రైల్వే చట్టం 58వ సెక్షను ప్రకారం ప్రతి ప్రయాణికుల బండిలో ఆడవాళ్లకి విడిగా కొన్ని సీట్లు కేటాయించాలి. 139 ప్రకారం, తోడుగా మగవాళ్లు లేని స్త్రీని బండి నుంచి దింపాల్సి వస్తే, ఆమె ఎక్కిన చోటో, జంక్షనో, బండి ఆఖరి స్టేషనో, జిల్లా కేంద్రమో అయి ఉండాలి, అదీ పగలే చేయాలి. చూడండి, రాత్రిపూట ఆడమనిషిని చిన్న స్టేషన్లో దింపేయడం అన్యాయమని చట్టానికి తెలుసు. మరి వానపేరు చెప్పి బండే రద్దుచేసి పాతికమందిని అదే చిన్న స్టేషన్లో రాత్రంతా వదిలేస్తే? దానికి సెక్షను లేదు. మగతోడు లేని ఆడదాన్ని కాపాడటం వరకే చట్టం ఆలోచించింది. ఆమె పనిచేసుకుని ఇంటికి పోవాల్సిన మనిషన్నంత దూరం పోలేదు.

అందుకే ఈసారి వినతిపత్రం మనమే రాద్దాం. జిల్లాల హద్దులు మారాక ఇది కొంచెం చిక్కు పని. 2022 ఏప్రిల్ నుంచి చీరాల, వేటపాలెం, చినగంజాం బాపట్ల జిల్లాలో ఉన్నాయి. అమ్మనబ్రోలు ప్రకాశం జిల్లాలో ఉన్నా పార్లమెంటు నియోజకవర్గం బాపట్ల. ఒకే బండి ఎక్కే ఆడవాళ్లకి ఇద్దరు కలెక్టర్లు, ఇద్దరు ఎంపీలు. రెండు చోట్లా ఇవ్వాలి, విజయవాడ డివిజను ఆఫీసులో కూడా ఇచ్చి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోవాలి.

కాని కాగితం రాయడానికి ముందు లెక్క కావాలి. ఒక్కో స్టేషనుకి ఇద్దరు కార్యకర్తలు ఒక నోటుబుక్కు పెట్టండి. బండి రద్దయిన తేదీ, ఆ రోజు నిజంగా వాన ఉందా, ఆ తర్వాత అదే లైను మీద ఏ బండ్లు పోయాయి, స్టేషన్లో ప్రకటన చేశారా, వెయిటింగు రూము తెరిచి ఉందా, ఎంతమంది ఆడవాళ్లు ఆగిపోయారు, వాళ్లలో ఎంతమందికి ఆ రోజు కూలి పోయింది. పేర్లు రాయొద్దు, మేస్త్రులకి తెలిస్తే వాళ్లకే ఇబ్బంది. వచ్చే తుఫాను కాలానికి ముందే ఈ పుస్తకాలు స్టేషన్లలో ఉండాలి. ఇక్కడున్నవాళ్లలో అమ్మనబ్రోలు, కరవది, చినగంజాం, వేటపాలెం వైపు నుంచి వచ్చినవాళ్లు భోజనాలయ్యాక ఒక పక్క కూర్చుంటే, ఎవరు ఏ స్టేషను తీసుకుంటారో అనుకుందాం. సింగరాయకొండ వైపు వాళ్లెవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండమ్మా.